ఎదురుకాళ్ళ గుంట

కుడిభుజం పట్టేసి నాలుగు నెలలైంది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. నల్లబల్ల మీద పై వరుస రాయాలంటే కుర్చీ ఎక్కాలి, జడ వేసుకోవాలంటే పక్కింటి అమ్మాయిని బతిమాలాలి, బస్సులో నిలబడాల్సి వస్తే పైనున్న కడ్డీ వైపు ఆశగా చూసి ఊరుకోవాలి. నా అవస్థ చూడలేక మా స్కూల్లో లెక్కల టీచరమ్మ, ఈమధ్య అరకు విహారయాత్రకు వెళ్ళినప్పుడు, నా కోసమని పనిగట్టుకుని ఒక నూనె సీసా కొనుక్కొచ్చింది. "మీ కొండల నూనేనండీ, అచ్చమైంది" అని చేతిలో పెట్టింది. సీసా మీద తలకు ఈకలు కట్టుకుని ఈటె పట్టుకున్న ఒక మనిషి బొమ్మ ఉంది. నేను పుట్టి పెరిగింది ఆ కొండల్లోనే, అలాంటివాణ్ణి మా వైపు ఒక్కణ్ణీ చూడలేదు. మూత తీసి వాసన చూశాను. కర్పూరం, పిప్పరమెంటు, వాటి మీద గులాబీ సెంటు. పెళ్ళిపందిట్లో నిలబడ్డట్టు అనిపించింది తప్ప, నొప్పికి రాసుకునే నూనె ముందు కూర్చున్నట్టు లేదు.

నాకు తెలిసిన నూనెకు అంత మర్యాదైన వాసన ఉండేది కాదు. అది ఇప్పనూనె. తొలకరికి కాస్త ముందు ఇప్పకాయలు పండి రాలే రోజుల్లో, మా నాయనమ్మా అమ్మా మా ముగ్గురు అక్కచెల్లెళ్ళమూ తెల్లవారుతూనే బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరి, గింజలు ఏరి, పెంకు కొట్టి, పప్పు ఎండబెట్టి, దంచి, ఆవిరి మీద ఉడికించి, వెదురుబుట్టలో కూరి రెండు పెద్ద దుంగల మధ్య ఇరికించేవాళ్ళం. పైదుంగ చివర పిల్లలమందరం ఎక్కి కూర్చుని ఊగుతుంటే, మా బరువుకు కింది మూకుట్లోకి నూనె బొట్టు బొట్టుగా దిగేది. చేదు, మగ్గిన పండు, మాడిన నెయ్యి, ఈ మూడూ కలిసిన ఒక వాసన. కూరకూ అదే, దీపానికీ అదే, ఒంటికీ అదే. చలికాలం వస్తే నెయ్యి పేరుకున్నట్టు పేరుకుపోయేది, పొయ్యి పక్కన పెట్టి కరిగించుకుంటే తప్ప చేతికి వచ్చేది కాదు.

ఆ నూనె ఖర్చయ్యేది ఎక్కువగా నడుములకే. మా ఊరు అరకు సంతకు కాలినడకన రెండు గంటల దూరంలో, కొండవాలు మీద, ముప్పై గడపల ఊరు. జీపు రోడ్డు అప్పటికి లేదు. ఊళ్ళోకి వచ్చేదేదైనా, ఊరు దాటి పోయేదేదైనా మనిషి భుజం మీదే. ఉప్పూ కిరసనాయిలూ కావిడిలో ఎక్కేవి; పనసకాయలూ చింతపండూ అల్లమూ కావిడిలో దిగేవి. తొలకరికి పోడులో రాళ్ళు ఏరి చోళ్ళూ సామలూ చల్లడం, వానల్లో నడుం వంచి కలుపు తియ్యడం, వలిసెలు పూసి కొండలన్నీ పచ్చగా వెలిగే చలికాలంలో మంచు కురుస్తుండగానే కాఫీ పళ్ళు కోసి మూటలు మొయ్యడం, ఎండల్లో అడ్డాకులూ కట్టెలూ. ఆడవాళ్ళు కొండకింది ఊట నుంచి నీళ్ళకుండలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఎక్కేవాళ్ళు. ముప్పై దాటిన ప్రతి మనిషికీ మా ఊళ్ళో ఏదో ఒకచోట ఒక నరం పట్టేసి ఉండేది. నడుం పట్టు, మెడ పట్టు, తుంటి దగ్గర మొదలై మడమ దాకా నిప్పుతీగ లాగినట్టు లాగే నొప్పి. పొద్దున్నే చోడంబలి తాగడానికి అరుగు మీద చేరిన మగవాళ్ళు ముందు ఎవరి నొప్పి వాళ్ళు చెప్పుకుని, ఆ తర్వాతే వానల సంగతికి వచ్చేవాళ్ళు.

ఆ నొప్పులన్నిటికీ ఉన్నది ఒక్కరే, గురుబారి మామ్మ. గురువారం పుట్టింది కాబట్టి గురుబారి. మా వైపు పాతకాలంలో చాలామందికి పుట్టిన వారమే పేరు. నేను బుధవారం పుట్టాను, బుద్రినయ్యాను. ఏ పిల్ల ఏ వారం పుట్టిందో చెప్పేది కూడా ఆమే, ఎందుకంటే ఊళ్ళో పురుళ్ళన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి. ఊళ్ళో క్యాలెండరు లేదు, పుట్టిన తేదీలు రాసిపెట్టుకున్న కాగితం లేదు. మంత్రసాని గుడిసెలోంచి బయటికొచ్చి ఏం చెబితే అదే. సగం ఊరి పేర్లు ఆమె మాట మీద నిలబడి ఉండేవి.

మనిషి పొట్టి. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, అందువల్ల మాటలు తక్కువ. చుట్ట నోట్లోంచి తీసిందంటే ఏదో ముఖ్యమైన మాట రాబోతోందని పిల్లలం కూడా కనిపెట్టేవాళ్ళం. బొటనవేళ్ళు మాత్రం వెడల్పుగా, చివర అణిగిపోయి, చింతగింజల్లా నున్నగా ఉండేవి. ఎవరైనా నొప్పితో వస్తే ఎక్కడ అని అడిగేది కాదు. చాప మీద బోర్లా పడుకోమని అరికాళ్ళ దగ్గర కూర్చునేది. నొప్పి నడుంలో ఉంటే మడమ దగ్గర మొదలుపెట్టేది, మెడలో ఉంటే వేళ్ళ దగ్గర. "నొప్పి ఉన్నకాడే ముందు సెయ్యేత్తే అది బయపడి లోపలికి పోతాది" అనేది. అరచేతిలో నూనె వెచ్చబెట్టుకుని, పిక్కలు పిసికి, తొడ వెనక నరం వెంబడి బొటనవేలు జరుపుతూ పోతుండగా ఒకచోట ఆ వేలు ఆగేది. అక్కడ మనిషి "అమ్మా" అనేవాడు. ఆ చోటును ఆమె గట్టిగా నొక్కేది కాదు; వేలు అక్కడే ఉంచి, కదపకుండా, చుట్ట ఒక్కసారి పీల్చేటంతసేపు ఊరుకునేది. తర్వాత వావిలాకు మూట పెనం మీద వేడిచేసి కాపడం. ఒళ్ళు కాలుతున్నా, ఎముక కదిలినట్టున్నా, వాపు ఎర్రగా ఉన్నా ముట్టుకునేది కాదు. డోలీ కట్టి ఆసుపత్రికి తీసుకుపొమ్మనేది.

ఇదంతా అయ్యాక నన్ను పిలిచేవాళ్ళు.

ఎందుకంటే నేను ఎదురుకాళ్ళతో పుట్టానట. తల ముందు రాకుండా కాళ్ళు ముందొచ్చిన పిల్లలు నడుం తొక్కితే పట్టు వదిలిపోతుందని మా కొండల్లోనే కాదు, కింద మైదానంలో కూడా నమ్మకం. మా నాయనమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. మూడోసారైనా గుంటడు పుడతాడని ఆమె గుడిసె గుమ్మంలో కూర్చుని ఉందట. లోపలినుంచి గురుబారి మామ్మ బయటికొచ్చి, చుట్ట తీసి, "గుంటే. ఎదురుకాళ్ళు" అందట. మాడిపోయిన మా నాయనమ్మ మొహం ఆ రెండో మాటకు విప్పారిందట. ఈ కొండ మీద ఎదురుకాళ్ళ మనిషి లేక అప్పటికి చాలా ఏళ్ళయింది. కోడిని కోసి ఊరందరికీ పెట్టిందని కూడా చెప్పేది, అది మాత్రం మా అమ్మ ఎప్పుడూ ఒప్పుకోలేదు.

అయిదేళ్ళు నిండినప్పటి నుంచి నాకు అదే ఉద్యోగం. పొద్దు పొడుస్తుండగా మనిషిని గడపకు అడ్డంగా, తూర్పుకు తల పెట్టి బోర్లా పడుకోబెట్టేవాళ్ళు. నేను ఎడమపాదంతో మూడుసార్లు నడుం మీద తట్టి, ఆ తర్వాత పైకెక్కి, వెన్నెముకకు అటూ ఇటూ పాదాలు వేసి, మెల్లగా భుజాల దాకా నడిచి వెనక్కి వచ్చేదాన్ని. గురుబారి మామ్మ నా చంకల కింద చేతులు పెట్టి పట్టుకునేది. ముసలివాడైతే నన్ను దాదాపు గాల్లోనే నడిపించేది, కుర్రాడైతే చేతులు కాస్త వదిలేది. నేను తొక్కుతున్నాననుకునేదాన్ని గానీ, ఎంత బరువు దింపాలో తూచింది ఆ చేతులే. అప్పుడది నాకు తెలియలేదు. కింద ఉన్న మనిషి "హమ్మయ్య" అనగానే ఆ ఘనతంతా నా పాదాలదే అనుకునేదాన్ని. ఊరూ అదే అనుకునేది.

చివర్న ఆమె చుట్ట తీసి ఒకే ఒక మాట చెప్పేది. "మూడు రోజులు కావిడి ఎత్తకు. ఎత్తినావంటే నీ నొప్పి ఆ గుంట కాళ్ళలోకి పోతాది." ఆ మాటకు ఎంత పెద్ద మొండివాడైనా లొంగేవాడు. తన నడుం కోసం ఒక్కపూట కూడా బరువు దించనివాడు, పసిదాని కాళ్ళకు నొప్పి వస్తుందని మూడు రోజులు అరుగు మీద బుద్ధిగా కూర్చునేవాడు. పెళ్ళాం నీళ్ళకుండ తెస్తుంటే సాయానికి లేవబోయి, నేను కనబడితే గబుక్కున మళ్ళీ కూలబడేవాడు.

నాకు జరిగిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. ఊళ్ళో మొదటి హవాయి చెప్పులు నావే. ముల్లు గుచ్చుకుంటే ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి తీసేవాళ్ళు. చలికాలంలో నాయనమ్మ నా పాదాలకు నూనె రాసి, తన ఒళ్ళో పెట్టుకుని కంబళి కప్పేది. మా అక్కలు పళ్ళు కొరుక్కుంటూ చూసేవాళ్ళు. చైత్రంలో ఇటికల పండగకు మగవాళ్ళు వేటకు పోయి తెచ్చిన దాంట్లో నాకొక ముక్క ఎక్కువ, కందులు ఉడకబెడితే నా అడ్డాకులో ఒక గుప్పెడు ఎక్కువ. కానీ వానాకాలం వచ్చి బురద మోకాళ్ళలోతు అయినప్పుడు, పిల్లలందరూ వెదురుకర్రలకు మెట్లు కట్టి, వాటి మీద ఎక్కి ఊరంతా పొడుగ్గా టకటకా తిరుగుతుంటే, నన్ను మాత్రం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. పడి కాలు విరిగితే? అరుగు మీద కూర్చుని వాళ్ళ తలలు చూరు పైనుంచి వెళ్ళడం చూస్తూ, ఏడుపు దిగమింగుకుని, చెప్పులు సర్దుకునేదాన్ని. అంత గొప్పదాన్నని అనుకుని ఊరుకోవడమే నాకు మిగిలిన ఆట.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఊరికి పెద్ద అయిన నాయుడు తాతకు తుంటినరం పట్టేసింది. మనిషి ఆజానుబాహువు, ధింసా ఆడితే వరుసకు ముందు నిలబడేవాడు. అలాంటివాడు కర్రసాయంతో ఎడమకాలు ఈడుస్తూ, రెండు అడుగులకొకసారి ఆగి చెట్టు పట్టుకునేవాడు. గురుబారి మామ్మ తొమ్మిది పొద్దులు ఆ కాలు పిసికింది. తొమ్మిదోనాడు నేను ఎక్కాను. మూడు రోజులు ఆయన గడప దాటలేదు. ఇటికల పండగకు వేటకెళ్ళేవాళ్ళ ముందు ఆయనే నడిచాడు. తిరిగొచ్చాక నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పి, "ఈ కాళ్ళు మన కొండ దేవతవి" అన్నాడు. ఆ మాట తర్వాత పక్క ఊళ్ళ నుంచి కూడా మనుషులు రావడం మొదలైంది.

ఆ మరుసటి ఏడు తొలకరిలో, మా ఊరికి వారానికి రెండుసార్లు కొండెక్కి వచ్చి పాఠం చెప్పే మాస్టారు ఒక కబురు తెచ్చారు. కింద ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నాకు సీటొచ్చింది. తిండీ బట్టా పుస్తకాలూ అన్నీ వాళ్ళవే. సోమవారానికల్లా చేరాలి. మా ఊరి నుంచి అప్పటిదాకా ఒక్క ఆడపిల్ల కూడా కొండ దిగి చదువుకోలేదు. మా అమ్మ ఆ కబురు విని, చేటలో చెరుగుతున్న సామలు అలాగే వదిలేసి లేచి నిలబడింది. నేను కూడా ఎగిరి గంతేశాను, చదువు మీద ప్రేమతో కాదు, అక్కడ ఎక్కడానికి వెదురుకర్రలుంటాయేమోనని.

ఊరు మాత్రం ఒప్పుకోలేదు. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం ఊరి మధ్య రాతి అరుగు దగ్గర అందరూ చేరారు. నాయుడు తాత మెత్తగానే మాట్లాడాడు. "సదువుకోవద్దని ఎవులన్నారు? పోడు పన్లు అవనీండి. కాఫీ పళ్ళు కోతలవనీండి. అప్పుడు సూద్దుం."

"సోమవారం దాటితే సీటు ఇంకో ఊరి పిల్లకు పోతుంది నాయుడూ. మళ్ళీ ఇప్పించడం నా చేతుల్లో ఉండదు" అన్నారు మాస్టారు.

"పోతే పోనీ" అంది మా నాయనమ్మ. "దాని కాళ్ళు దానొక్కదానివేటి? ఊరివి. అది ఎల్లిపోతే రేపు ఎవుడి నడుం పట్టినా ఎవులు తొక్కుతారు?"

మా నాన్న ఊరి మాట కాదనే మనిషి కాదు, తల దించుకుని గోటితో మట్టి గీస్తున్నాడు. మా అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. అంతా అయిపోయిందని నాకే అర్థమైంది. అప్పుడు వెనక ఎక్కడో కూర్చున్న గురుబారి మామ్మ లేచి ముందుకొచ్చింది. చుట్ట తీసింది.

"ఆ గుంట కాళ్ళలో ఏటీ నేదు" అంది. "నాను అబద్ధమాడినాను. దానికి తలకాయే ముందొచ్చినాది, అందరు గుంటల్లాగే."

నాయనమ్మ వైపు తిరిగి ఆమే మళ్ళీ అంది. "మూడోది కూడా ఆడగుంటంటే నువ్వు దాన్ని పాలు కూడా తాగనివ్వవని బయమేసినాది. అందుకని ఎదురుకాళ్ళన్నాను."

"మరి నా కాలెలా తగ్గినాది?" అన్నాడు నాయుడు తాత. గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది.

"తొమ్మిది రోజులు నాను పిసికినాను. మూడు రోజులు నువ్వు కావిడి దించినావు. అంతే."

మా నాయనమ్మ లేచి ఆమె కాళ్ళ ముందు ఉమ్మేసింది. ఇంకెవరో, "మా గుంటడు ఆయితవారం పుట్టినాడన్నావు, అదైనా నిజమేనా?" అని అరిచారు. ఆ అరుపుతో అందరికీ తమ తమ పిల్లల వారాలు గుర్తొచ్చాయి. అప్పటిదాకా నా గురించి జరిగిన పంచాయితీ ఆమె మీదకు తిరిగింది. తలా ఒక ప్రశ్న వేస్తుంటే ఆమె చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. చివరికి నాయుడు తాత కర్ర లేకుండానే లేచి, "గుంటని ఎల్లనీండి. దాంతో మనకేటి పని" అనేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

నేను ఎంత ఏడ్చానో నాకింకా గుర్తుంది. ఊరు వదిలి వెళ్తున్నందుకు కాదు. దేవత పాదాలున్నదాన్ని, ఒక్క మాటతో మా అక్కల్లాంటి మామూలు పిల్లనైపోయాను. ఆ సాయంత్రమే పిల్లలు వెదురుకర్రల మీదినుంచి "తలకాయ గుంటా" అని వెక్కిరించారు. "రా, నువ్వూ ఎక్కు, ఇంక నీకేటి" అని ఒకడు తన కర్రలు నా ముందు పెట్టాడు కూడా. అన్నేళ్ళు కలలుగన్న ఆ కర్రలను తన్ని పారేసి ఇంట్లోకి పోయి పడుకున్నాను.

ఆదివారం తెల్లవారగానే నాన్న నా బట్టలమూట భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఊరి చివర, కొండబాట దిగేచోట గురుబారి మామ్మ నిలబడి ఉంది. వానలో తడిసింది. నా తల మీద చెయ్యి వెయ్యబోయింది. నేను పక్కకు తప్పుకుని, నాకు వచ్చిన తిట్లలో పెద్దది వెతుక్కుని, "అబద్ధాలకోరు ముసల్దానా" అన్నాను. నాన్న నన్ను కొట్టలేదు, ఊరుకోమనీ అనలేదు. ఆమె చేతిని కొంగుకు తుడుచుకుని, "బేగి ఎల్లండి, మళ్ళీ వాన ముసురుతాది" అంది.

సెలవులకు వచ్చినప్పుడల్లా ఊళ్ళో చూసింది ఇదీ. నొప్పి వస్తే మగవాళ్ళు సంత దగ్గర కూర్చునే ఒక సూదిమందు ఆయన దగ్గరకు వెళ్తున్నారు. సూది పడగానే నొప్పి తెలియదు, తెలియదు కాబట్టి ఆ సాయంత్రమే కావిడి ఎత్తుతున్నారు. గురుబారి మామ్మ దగ్గరకు ఆడవాళ్ళు కొందరు చాటుగా వెళ్ళేవాళ్ళు. ఆమె పిసికేది, కాపడం పెట్టేది, కానీ మూడు రోజులు బరువు ఎత్తొద్దంటే వినే కారణం ఎవరికీ లేదు. ఏ గుంట కాళ్ళలోకీ ఇప్పుడు నొప్పి పోదు. పురుళ్ళకు కూడా పక్క ఊరి మనిషిని పిలిపించుకునేవాళ్ళు. నాయుడు తాత కాలు మళ్ళీ పట్టింది, ఈసారి మంచం ఎక్కించింది. నేను ఆమె గుడిసె వైపు ఒక్కసారి కూడా పోలేదు. దారిలో ఎదురుపడితే చదువుకున్నదాన్నైనట్టు తల ఎత్తుకుని పోయేదాన్ని. పదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు వస్తే, ఆమె పోయి నెలైందన్నారు. అయ్యో అన్నాను. అంతకంటే ఎక్కువ బాధపడ్డట్టు గుర్తులేదు. టీచరు ట్రైనింగూ, ఉద్యోగమూ, పిల్లలూ, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నా బతుకంతా ఆ సోమవారం చేరిన బడిలోంచే వచ్చిందని ఎన్ని సభల్లో చెప్పానో, ఆ సభల్లో మాస్టారి పేరు తలుచుకున్నాను, మా అమ్మ పేరు తలుచుకున్నాను.

పోయిన నెలలో రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. అమ్మ, నా తర్వాత పుట్టిన తమ్ముడి దగ్గర ఉంటుంది. డెబ్బై దాటినా మిరియాలు ఎండబోసే పని ఇంకొకరికి వదలదు. నేను దువ్వెన పట్టుకుని అవస్థ పడటం చూసి, గుమ్మంలో కూర్చోబెట్టి, భుజం వదిలేసి ముందు నా వేళ్ళు పట్టుకుంది. ఒక్కొక్క వేలూ లాగుతూ, మణికట్టు, మోచెయ్యి, అలా పైకి వస్తుంటే, ఆ పద్ధతి ఎవరిదో నా ఒంటికే ముందు తెలిసింది.

"గురుబారి మామ్మ నేర్పిందా?" అన్నాను.

"నేర్పేదేటి, సూసి నేర్సుకున్నాను."

"పాపం, ఎందుకమ్మా ఆమె నాయనమ్మతో అలా అబద్ధమాడింది, నేను పుట్టినప్పుడు?"

అమ్మ చెయ్యి ఆగింది. "పుట్టినప్పుడు కాదే" అంది. "అరుగు కాడ ఆడినాది అబద్ధం."

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకునే చెప్పింది. "నీ ఎడమకాలే ముందొచ్చినాది. ఒక పగలూ ఒక రాత్రీ పట్టినాది. గురుబారి సెయ్యి నేకపోతే నువ్వూ నానూ బతికేవోళ్ళం కాదు. అరుగు కాడికి ఎల్లేముందు నా కాడికొచ్చి, 'నాను ఏటి సెప్పినా నువ్వు నోరు ఎత్తకు' అన్నాది. నాను ఎత్తనేదు."

"నాకైనా చెప్పొచ్చు కదమ్మా ఇన్నేళ్ళలో."

"సిన్నప్పుడు సెప్తే ఊళ్ళో అనీసేదానివి. అంటే మళ్ళీ నిన్ను పంపరు. అది సచ్చిపోయాక నీకు సెప్పి ఏడిపించడం ఎందుకనుకున్నాను" అంది అమ్మ. నేను ఏడుస్తుంటే ఆమె నా చెయ్యి పిసుకుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక ఊళ్ళోకి బయల్దేరాను, ఎవరికైనా చెప్పాలని. రాతి అరుగు మీద సిమెంటు పోసి పైన రేకులు వేశారు. నాయుడు తాత మనవడు జీపు కడుగుతున్నాడు, సాయంత్రం పర్యాటకులను వ్యూ పాయింటుకు తీసుకెళ్ళాలట. నిలబెట్టి కథంతా చెప్పాను. మర్యాదగా విన్నాడు. "గురుబారి అంటే ఎవులు మేడమ్?" అన్నాడు. చెప్పాను. "ఎదురుకాళ్ళంటే ఏటి? ముందే స్కానింగులో సూసుకోలేదా?" అన్నాడు. ఇప్పుడు పురుళ్ళన్నీ ఆసుపత్రిలోనే, అది మంచిదే, నా కూతుళ్ళు కూడా అక్కడే పుట్టారు. బుద్రులూ గురుబారులూ లేరు, పిల్లల పేర్లన్నీ టీవీల్లో వినబడే పేర్లే. కావిడి లేదు, గడపకు అడ్డంగా పడుకునే మనిషి లేడు. ఇల్లిల్లూ తిరిగాను. ఆనాడు అరుగు దగ్గర చేరిన పెద్దవాళ్ళలో బతికున్నది మా అమ్మ ఒక్కతే, ఆమెకు నేను చెప్పాల్సిందేమీ లేదు. నాయుడు తాత, నాయనమ్మ, నాన్న, ఆదివారం పుట్టిన గుంటడి తండ్రి, అందరూ పోయారు. గురుబారి మామ్మను అబద్ధాలకోరు అన్న నోళ్ళలో ఈ భూమ్మీద ఇంకా మిగిలింది ఒక్క నాదే.